పలకల గ్లాసు పక్కన కూనలమ్మ

బారసాలకో పెళ్ళికో వచ్చి బీరువాలో పడుండే వస్తువు వెండి గ్లాసు. డిటెక్టివ్ నవలకి ‘పలకల వెండి గ్లాసు’ అని పేరు పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యం చేసినాయన ఆరుద్ర. 1925లో విశాఖపట్నంలో పుట్టిన భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. రజాకార్ల ఘోరాలు విని కదిలిపోయి ‘త్వమేవాహం’ రాసిన కవే ఈ నవలా రాశాడంటే నమ్మనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నేనూ వారపత్రికలకు నాలుగు అపరాధ పరిశోధన కథలు రాసినవాణ్ణే. ఆధారాన్ని దాచడం పెద్ద పనేం కాదు. పాఠకుడి కళ్ళెదుటే పెట్టి, దానిమీద అనుమానం రాకుండా చూసుకోవడంలోనే ఉంది తంటా అంతా. ఆరుద్రకి ఆ విద్య పద్యంలోనే పట్టుబడిందని నా అనుమానం.

ఆయన రాసిన కూనలమ్మ పదమే తీసుకోండి. మూడు పొట్టి పాదాలు, మూడింటికీ ఒకటే అంత్యప్రాస, ఆపైన కూనలమ్మను పిలిచే మకుటం. రెండు ప్రాసలు పడేసరికి మూడోది ఏమొస్తుందో చెవి ఊహించేస్తుంది. ఊహించిన మాటే వస్తే పదం చప్పబడిపోతుంది. అనుకోని మాట రావాలి, వచ్చాక అక్కడ ఇంకోటి ఇమడదనిపించాలి. హంతకుడి పేరు చెప్పే పేజీకీ ఇదే షరతు.

‘గూఢచారి 116’, ‘మోసగాళ్ళకు మోసగాడు’ సినిమాల వెనకా ఆయన కలం ఉంది. కానీ ఆయనలోని అసలు డిటెక్టివ్‌ని చూడాలంటే ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ తెరవాలి. శాసనాలు, కృతిపతుల వంశావళులు, పాత కవుల్ని కొత్త కవులు తలుచుకున్న అవతారికలు అన్నీ ఎదురెదురు పెట్టి, ఎవరు ఎప్పటివారో తేల్చే పని అది. పండితులకు అందులో సాహిత్య చరిత్ర కనిపిస్తుంది. నాకైతే సాక్షుల వాంగ్మూలాలు సరిచూస్తున్న ఇన్‌స్పెక్టరే కనిపిస్తాడు.

మన సాహిత్య సభలకు డిటెక్టివ్ నవలంటే చిన్నచూపు. డిటెక్టివ్ యుగంధర్‌ని పుట్టించి ఇంటింటా చదివించిన కొమ్మూరి సాంబశివరావునే అవి పక్కన కూర్చోబెట్టాయి. ఆరుద్రకైతే కవిగా దండలు వేసి, ఈ నవలల సంగతి మొహమాటంగా దాటేశాయి. 1998లో ఆయన పోయాక కూడా ఆ మొహమాటం పోలేదు.

పాత పుస్తకాల కొట్లో ఆ వెండి గ్లాసు కంటబడితే బేరమాడకుండా కొనేయండి. చివరి పేజీ మాత్రం ముందు చూడొద్దు.