బోరు వేసే బస్తా

మా వైపు పైరు నల్లగా ఉందంటే మెచ్చుకోలు. పక్కవాళ్ల మక్క మనదానికంటే నల్లగా కనబడితే రాత్రి నిద్ర పట్టదు; తెల్లారేసరికి యూరియా కోసం సొసైటీ ముందు చెప్పుల వరుస. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ ధరలో అయిదో వంతు. అంత చవకగా దొరికేదాన్ని లెక్క చూసి చల్లమంటే ఎవరు వింటారు?

చల్లిందంతా మొక్కకు చేరదు. యూరియా నేలలో ముందు అమ్మోనియం అవుతుంది, అది మట్టిని అంటుకుని ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మార్చాక మట్టికి పట్టు దొరకదు. నీరు ఎటు పోతే అదీ అటే. అలా బోరు నీళ్లలో నైట్రేటు చేరుతోందన్న నింద అంతా వరి మీద మోపడం నాకు నచ్చదు. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడదు కాబట్టి నైట్రేటు తయారయ్యేదే తక్కువ, అక్కడి నత్రజని ఎక్కువగా గాలిలోకే పోతుంది. బోర్లకు అసలు గండం చెల్క నేలల్లో ఒకేసారి దండిగా యూరియా వేసి, ఆపైన నిండా తడి పెట్టే మక్క, మిరప, కూరగాయల చేలతోనే.

తాగేనీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు మించరాదని భారతీయ ప్రమాణం. మించితే ముందు ప్రమాదం సీసాపాలు తాగే పసిబిడ్డలకు. వాళ్ల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. నీళ్లు కాచినా నైట్రేటు పోదు, ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

తాగేవాళ్లకు చేటయిన ఆ నైట్రేటే పైరుకు ఎరువు, అందుకే యాసంగి మక్కకు ముందు బోరు నీళ్లు పరీక్షకు పంపిస్తాను. "నీళ్లక్కూడా లెక్క కడతవా అన్నా?" అని మా పక్క చేను తమ్ముడు నవ్వుతాడు. కట్టి చూద్దాం. 45 మిల్లీగ్రాముల నైట్రేటులో నత్రజని 10 మిల్లీగ్రాములు. పంట కాలమంతా కలిపి ఎకరానికి అర మీటరు నీరు పారితే 20 లక్షల లీటర్లు, అంటే 20 కిలోల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం; ఒక బస్తాలో ఉండేదీ దాదాపు అంతే. మనం వేసే బస్తాలకు తోడు బోరు ఇంకోటి వేస్తోందన్నమాట, అదీ ఉత్తపుణ్యానికి.

అయితే ఆ మేరకు మనం వేసే యూరియాను ఒక్క దెబ్బన కోసేయకూడదు. విత్తేటప్పటి మోతాదు ముట్టుకోను, అప్పటికి బోరు తెచ్చిందేమీ ఉండదు. మోకాలెత్తు పైరప్పుడు, పూత ముందు వేసేవాటిలో తగ్గిస్తాను. తడి మితిమీరితే ఆ లెక్కా చెల్లదు. వేర్లు దాటి దిగిపోయిన నీటిలోని నత్రజని మొక్క ఖాతాలోకి రాదు. వానకాలం గడిస్తే బోరు నీటిలో నైట్రేటు అంకె కూడా మారవచ్చు, కాబట్టి నిరుటి పరీక్ష కాగితం పట్టుకుని ఈ ఏడు బస్తాలు తగ్గించను.