మోకు నుంచి బెల్టు దాకా

మదనపల్లె, పుంగనూరు పల్లెల్లో బావుల మీద కపిల నడిచిన కాలంలో రైతు ప్రాణమంతా తాడు మీదే ఉండేది. ఎద్దులు వాలుదారిలో దిగుతుంటే లావు మోకు నీళ్ల బానను పైకి లాగేది, సన్నతాడు తోలు తొండాన్ని మడిచి పట్టేది. మోకు తెగితే బాన బావిలో పడేది, ఎద్దులు ముందుకు తూలేవి. అందుకే కపిల తోలేవాడికి మోకును వేళ్ల మధ్య జారవిడిచి చూసుకోవడం తప్పనిసరి. పురి సడలినచోట, పీచు లేచినచోట వేళ్లు ఆగాలి.

బోర్లొచ్చి కపిల పోయింది. ఆ వేళ్ల విద్య మాత్రం పోకూడదు. కుప్పం గ్రానైటు యార్డుల్లో దాని అవసరం ఇంకా ఎక్కువ.

‘కుప్పం గ్రీన్’ పేరుతో అమ్ముడయ్యే ఆ ముదురాకుపచ్చ రాయి బరువు లెక్కేసి చూడండి. గ్రానైటు ఘనమీటరుకు సుమారు 2.7 టన్నులు. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న పలక ఒక్కటే 320 కిలోల పైమాట. పది పలకల కట్ట మూడు టన్నులు దాటుతుంది. మెరుగుపెట్టిన రాతికి ఇనుప తాడు తగిలితే గీత పడుతుంది, గొలుసు తగిలితే అంచు పెచ్చు లేస్తుంది. బరువులెత్తేందుకు వాడే, మెత్తగా పట్టుకునే పాలియెస్టరు బెల్టు అక్కడ గొప్ప వరం.

బెల్టుకు కుట్టిన లేబులే దాని జాతకం. యూరప్ పద్ధతిలో ఊదా రంగు 1 టన్నుకు, ఆకుపచ్చ 2, పసుపు 3, బూడిద 4, ఎరుపు 5 టన్నులకు గుర్తు. అయితే రంగును నమ్మి ఎత్తకూడదు, లేబులు చదివే ఎత్తాలి. లేబులు ఊడిన బెల్టు ఎంత కొత్తగా కనిపించినా పక్కన పెట్టాల్సిందే.

కట్టే తీరును బట్టి బలం మారుతుంది. నిటారుగా వేలాడదీస్తే లేబులు మీది బరువు పూర్తిగా మోస్తుంది. ఉచ్చు బిగిస్తే అందులో 80 శాతమే. రాయి కిందుగా ఊయలలా వేసి రెండు కొసలూ నిటారుగా పైకి తెస్తే రెట్టింపు మోస్తుంది. కొసలు విచ్చుకునే కొద్దీ ఆ లాభం కరిగిపోతుంది. టన్ను బరువును రెండు బెల్టులతో ఎత్తుతున్నామనుకోండి. అవి నేలకు 60 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కోదాని మీద 577 కిలోల లాగుడు పడుతుంది. 45 డిగ్రీలకు అది 707 అవుతుంది. 30 డిగ్రీలకు వాలితే ఒక్కో బెల్టూ పూర్తి టన్ను లాగుడు భరించాలి. పొట్టి బెల్టుతో సరిపెట్టుకునే అలవాటు ఇందుకే ప్రమాదం.

గొలుసు పాడైతే లంకె సాగుతుంది. ఇనుప తాడు పాడైతే తీగలు ముళ్లలా లేస్తాయి. బెల్టు మాత్రం లోలోపలే చస్తుంది. గ్రానైటు పొడి నేతలోకి దూరి, బరువు పడ్డప్పుడల్లా పోగులను కోస్తుంది. ఎండ వాటిని పెళుసు చేస్తుంది. పాలియెస్టరుకు క్షారం పడదు, నైలానుకు ఆసిడ్ పడదు. పని ముగిశాక మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కొక్కేనికి తగిలించాలి. కొత్తగా కోసిన పలక అంచు కత్తే. దానికీ బెల్టుకూ మధ్య గోనెపట్టా మడిచి పెడితే చాలదు, దళసరి తొడుగు కావాలి. పొట్టి చేద్దామని ముడి వేయడం, రాయి కింద ఇరుక్కున్న బెల్టును ఈడ్చి లాగడం చేయనే కూడదు.

బరువులెత్తే సామగ్రిని అర్హతగల వ్యక్తి కనీసం 12 నెలలకోసారి క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నిర్దేశించింది. ఏడాదికోసారి జరిగే ఆ పరీక్ష ఈ పూట ఎత్తబోయే పలకకు కాపలా కాయదు. బెల్టును పరచి రెండు ముఖాలూ, అంచులూ, కొసల్లోని కన్నుల దగ్గర కుట్టూ వేళ్లతో తడమాలి. గట్టిపడిన మరక, కరిగి మెరిసే మచ్చ, తెగిన కుట్టు, అంచు మీద చీలిక — వీటిలో ఏది తగిలినా ఆ బెల్టు పని అయిపోయినట్టే.

అయితే దాన్ని మూలన పడేయకూడదు. బలంగానే కనిపిస్తోంది కదా అని ఎవరో ట్రాక్టరు లాగడానికి పట్టుకెళ్తారు. నాలుగు నెలలకు అదే తిరిగొచ్చి క్రేన్ హుక్కుకు ఎక్కుతుంది. అందుకే పక్కన పెట్టిన రోజే రెండు కన్నులూ కత్తితో కోసి, నడుమ ముక్కలు చేసి పారేయాలి.