ఏడు బిళ్ళల అవధానం

రెటీనా అంటే కంటి వెనకుండే పొర. స్క్రాబుల్ ఆటగాడికి మాత్రం అది ఆరక్షరాల గని. దాని పక్కన జీ చేరిస్తే గ్రానైట్. పీ చేరిస్తే పెయింటర్, అవే అక్షరాలు అటూ ఇటూ చేస్తే రీపెయింట్. ఎం వస్తే మసీదు మినరెట్, సీ వస్తే సర్టెన్, ఎల్ వస్తే (ఏం చేస్తాం!) లెట్రిన్. ఇక ఎస్ దొరికితే పండగే: నాస్టియర్, రిటెయిన్స్, గ్రీకుల మద్యం రెట్సినా, కొవ్వులో ఉండే స్టియరిన్, ఇంకా కొన్ని. చేతిలోని ఏడు బిళ్ళలూ ఒక్కసారే బోర్డు మీద పరచగలిగితే మామూలు పాయింట్లకు తోడు 50 పాయింట్ల కానుక. దాని పేరు బింగో. సగం ఆటలు అక్కడే తేలిపోతాయి.

ఈ ఆట పుట్టుక గురించి చెప్పుకోవడానికి రెండు ముక్కలు చాలు. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి దీన్ని తయారుచేశాడంటారు. 1948లో జేమ్స్ బ్రూనో దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టాడు. 100 బిళ్ళల్లో ఇ లు 12, క్యూ ఒక్కటే. ఆ ఒక్క క్యూ ఎంతమంది కొంపలు ముంచిందో!

పోటీలకు వెళ్ళేవాళ్ళు నిఘంటువును మామూలు వరసలో చదవరు. ముందు మాటను విరగ్గొడతారు. గ్రానైట్‌ని ఏ-ఇ-జీ-ఐ-ఎన్-ఆర్-టీ అని అక్షరక్రమంలో పేర్చుకుంటారు. దీన్ని ఆల్ఫాగ్రామ్ అంటారు. ఆ వరస కంటబడగానే గ్రానైట్, ఇన్‌గ్రేట్, టేరింగ్ మూడూ నాలుక మీదికి రావాలి. మాటల్ని ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించే ఘనపాఠికి ఈ కష్టం బాగా తెలుస్తుంది.

తర్వాత పొడవును బట్టి సాధన. 2019 నాటి కాలిన్స్ జాబితాలో రెండక్షరాల మాటలు 127. అవి రాకపోతే ఇరుకు గళ్ళలో ఊపిరాడదు. యూ లేకుండా క్యూని వదిలించుకునే మాటలు వేరే పాఠం: ఫకీర్, తలాఖ్, భూగర్భ కాలువ ఖనాత్. హైదరాబాదులో పెరిగినవాళ్ళకు సగం పాఠం ముందే వచ్చేసినట్టే. తెలుగు వాటా కూడా ఉంది. మన పందికొక్కు బ్యాండికూట్‌గా మారి తొమ్మిదక్షరాలతో కూర్చుంటే, మన పిట్ట ఐదక్షరాల పిట్టా అయి ఒక పక్షిజాతికే పేరైంది.

ఈ విద్యలో నైజెల్ రిచర్డ్స్‌ది వేరే లోకం. న్యూజీలాండ్‌లో పుట్టి మలేసియాలో ఉండే ఈ గడ్డపాయన చేతిలో ఒకసారి సీ, డీ, హెచ్, ఎల్, ఆర్, ఎన్, ఒక ఖాళీ బిళ్ళ ఉన్నాయట. బోర్డు మీద ఇ ఉంది. ఖాళీ బిళ్ళను ఐ అనుకుంటే చిల్డ్రన్ కుదురుతుంది. మంచి ఆటగాడెవరైనా అక్కడితో తృప్తిపడతాడు. రిచర్డ్స్ మాత్రం విడివిడిగా పడి ఉన్న రెండు ఓ లనూ ఆ ఇ నీ కలుపుకుని, పాతకాలపు మందు క్లోరోడైన్‌ని పది గళ్ళ పొడవునా పరిచాడు! ఫ్రెంచి మాట్లాడటం రాకుండా, కొద్ది వారాలు నిఘంటువు చదివి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అంతే.

అదే 2015లో పెర్త్‌లో నైజీరియాకు చెందిన వెలింగ్టన్ జిగేరే ఇంగ్లీషు ప్రపంచ కిరీటం ఎత్తుకుపోయాడు. నైజీరియా ఆటగాళ్ళది పొట్టి మాటల బాణీ: ఐదక్షరాలతో ఆడుతూ, మంచి బిళ్ళలు దాచుకుంటూ, ఎదుటివాడికి దారి మూసేస్తారు. లెక్కప్రకారం గొప్ప ఎత్తే, కాదనలేం. అయినా ఫైనల్లో అతను వేసిన ఫెల్టీని క్లోరోడైన్ పక్కన పెట్టమంటే చెయ్యి రాదు.

ఇంత తపస్సునూ ఇవాళ ఫోను మింగేస్తోంది. ఉన్న అక్షరాలు కొట్టి, ఎన్నక్షరాల మాట కావాలో చెబితే చాలు, జాబితా జలజలా రాలుతుంది. వర్డిల్ వచ్చాక ఐదక్షరాల జాబితాలకు మరీ గిరాకీ. వర్డిల్‌ది తప్పు కాదు, అది బుద్ధిగా ఆడితే మంచి ఆటే. జాబితా చూసి కొట్టి, నాలుగో ప్రయత్నంలో వచ్చేసిందని వాట్సాప్‌లో చాటుకోవడమే సిగ్గుమాలిన పని. తెర చాటున పద్యం అందించే మనిషిని పెట్టుకుని అష్టావధానం చేస్తే పృచ్ఛకులు ఊరుకుంటారా?

అర్థం తెలియని మాటలు బట్టీపట్టడం ఏం విద్య అని దెప్పేవాళ్ళూ ఉన్నారు. నిషిద్ధాక్షరిలో, దత్తపదిలో అవధాని అక్షరాన్ని గెలిచి అర్థాన్నీ నిలబెట్టాలి, నిజమే; ఆ మెట్టు ఇంకా పైది. కానీ చిక్కుపడ్డ ఏడక్షరాల్లోంచి ఒక్క మాట లేచి నిలబడే ఆ క్షణం ఇద్దరికీ ఒకటే. దాన్ని యంత్రానికి అప్పజెప్పేవాళ్ళ మీదే కోపమంతా.

కనీసం ఈ ఒక్కటైనా ఫోను ముట్టుకోకుండా ప్రయత్నించాలి: రెటీనా పక్కన కే. తట్టకపోతే చేతిగోళ్ళ వంక చూసుకోవచ్చు.