ఇంట్లో సర్వరు: బలమెంత? బలహీనత ఎక్కడ?

సర్వరు అనగానే చల్లని గదుల్లో వరుసగా నిలబెట్టిన పెద్ద యంత్రాలు గుర్తుకొస్తాయి. నిజానికి సర్వరు అన్నది యంత్రం పేరు కాదు, అది చేసే పని పేరు. ఇతర కంప్యూటర్లు అడిగినప్పుడు ఫైళ్లనో, పేజీలనో అందించే ప్రతి కంప్యూటరూ సర్వరే. 1990లో సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ నడిపిన మొట్టమొదటి వెబ్ సర్వరు కూడా బల్ల మీద పెట్టుకునే ఒక నెక్స్ట్ కంప్యూటరే. దాన్ని ఎవరూ ఆపివేయవద్దని కోరుతూ దానిమీద చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉండేది. సర్వరుకు ఉండవలసిన మొదటి గుణం ఏమిటో ఆ చీటీయే చెబుతుంది: అడిగినప్పుడల్లా అది పలకాలి.

ఈ మధ్య కాలంలో చాలామంది విద్యార్థులు ఇంట్లోనే చిన్న సర్వరు పెట్టుకుంటున్నారు. ఇంటిల్లిపాది ఫొటోలు, కాలేజీ నోట్సు, పాటలు, సొంతంగా రాసిన ప్రోగ్రాములు అందులో దాచుకుంటున్నారు. ఇందుకు ఎక్కువమంది ఎంచుకునేది రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటరు. కొత్త తరం బోర్డు వచ్చినప్పుడల్లా దాని వేగం గురించి పొగడ్తలు వెల్లువెత్తుతాయి. సర్వరును తూచడానికి వేగం సరైన తూకపురాయేనా? ఈ బోర్డు ఇంటి సర్వరుగా ఎంతవరకు పనికొస్తుంది? ఎక్కడ లోపిస్తుంది? పరిశీలిద్దాం.

ఏ పనికి పుట్టింది?

రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి నుంచి వెలువడింది. కంప్యూటరు శాస్త్రం చదవడానికి వచ్చే విద్యార్థులకు ప్రోగ్రాములు రాసే అనుభవం తగ్గిపోతున్నదని గమనించిన ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. ధర 35 డాలర్లు. 700 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే ఒకే ఒక కోరు, 256 మెగాబైట్ల మెమరీ. హార్డ్ డిస్కు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ అంతా కెమెరాల్లో, ఫోన్లలో వాడే మెమరీ కార్డు మీదే ఉంటుంది.

నేర్చుకునే పిల్లవాడికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఏదో ఒకటి చెడగొట్టుకుంటే భయం లేదు. కార్డు తీసి, కొత్తగా రాసుకుని, మళ్లీ పెడితే చాలు. కానీ అదే కార్డు మీద ఇంటివాళ్ల పదేళ్ల ఫొటోలు పెట్టినప్పుడు “చెడితే మళ్లీ రాసుకోవచ్చు” అన్న సూత్రం చెల్లదు. బడిలో సుగుణమైనది సర్వరు దగ్గరికి వచ్చేసరికి లోపంగా మారింది. ఈ బోర్డు మీద చేయదగిన విమర్శలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

మెచ్చుకోవలసినవి

ముందుగా దాని గొప్పదనం ఒప్పుకోవాలి. సర్వరు రోజుకు 24 గంటలూ నడవాలి కాబట్టి కరెంటు ఖర్చు ముఖ్యం. పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఊరకే ఉన్నప్పుడు 60 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఏడాదికి 60 × 24 × 365 లెక్కన దాదాపు 526 యూనిట్లు అవుతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఖర్చు సుమారు రూ.3,150. రాస్ప్‌బెర్రీ పై సగటున 5 వాట్లు తీసుకున్నా ఏడాదికి 44 యూనిట్లు, అంటే సుమారు రూ.263 మాత్రమే. ఫ్యాను మోత ఉండదు, చోటు అక్కరలేదు.

రెండవది, తయారీదారులు పాత బోర్డులను వదిలిపెట్టలేదు. 2023లో విడుదలైన ఆపరేటింగ్ సిస్టమ్ కూడా 2012 నాటి బోర్డు మీద నడుస్తుంది. కొన్న మూడు నాలుగేళ్లకే ఫోన్లను అనాథలుగా వదిలేసే ఈ కాలంలో ఇది చిన్న విషయం కాదు.

వేగం లెక్కలు

2015లో వచ్చిన రెండవ తరం బోర్డుకు నాలుగు కోర్లు, 1 గిగాబైటు మెమరీ ఇచ్చారు. 2016లో మూడవ తరానికి వై-ఫై వచ్చింది. అయితే సర్వరుకు నిజంగా కావలసిన మార్పు 2019లో నాలుగవ తరంతో గానీ రాలేదు. అప్పటిదాకా నెట్‌వర్కు తీగ, యు.ఎస్.బి. డిస్కు రెండూ సెకనుకు 480 మెగాబిట్ల ఒకే దారిలో ప్రయాణించేవి. ఒకే గేటు గుండా సరుకు లోపలికి రావాలి, బయటికీ పోవాలి. కోర్లు నాలుగైనా గేటు మాత్రం ఒక్కటే.

దీని ఫలితం లెక్కగట్టి చూడవచ్చు. తొలి బోర్డుల నెట్‌వర్కు వేగం సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి అది సెకనుకు 12.5 మెగాబైట్లు. 100 గిగాబైట్ల ఫొటోలు పంపాలంటే 8,000 సెకన్లు, అంటే రెండుంపావు గంటలు. నాలుగవ తరంలోని గిగాబిట్ నెట్‌వర్కుతో అదే పని 800 సెకన్లలో, అంటే పదమూడు నిమిషాల్లో ముగియాలి. ఇవి ఆదర్శ పరిస్థితి లెక్కలు, ఆచరణలో కొంత తగ్గుతుంది. ఇక్కడ పని తేలిక చేసింది కోర్ల సంఖ్య కాదు, దారి వెడల్పు.

కొత్తది ప్రతి విషయంలోనూ పాతదాన్ని మించుతుందన్న నమ్మకం కూడా తప్పే. పాత తరాల్లో హెచ్.264 వీడియోను తయారుచేసే ప్రత్యేక భాగం చిప్పులోనే ఉండేది. 2023లో వచ్చిన ఐదవ తరంలో దాన్ని తొలగించారు. ఆ పని ఇప్పుడు ప్రాసెసరే చేయాలి. ప్రాసెసరుకు ఆ శక్తి ఉన్న మాట నిజమే, కానీ కొనేముందు మన పని ఏదో తెలుసుకోవాలనడానికి ఇదొక హెచ్చరిక.

కార్డు, కరెంటు

మెమరీ కార్డులోని ఫ్లాష్ కణాలు కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లు చెరిపి రాసేసరికి అరిగిపోతాయి. పైగా అందులో ఒక్క అక్షరాన్ని మాత్రమే చెరిపి రాయడం కుదరదు. ఒక పెద్ద గడిలోని సమాచారమంతా చెరిపి, తిరిగి రాయాలి. పలకమీద ఒక అక్షరం దిద్దడానికి పలకంతా తుడిచినట్టన్నమాట. కెమెరాలో ఇది ఇబ్బంది కాదు, అది అప్పుడప్పుడే రాస్తుంది. సర్వరు అలా కాదు. ఎవరు వచ్చారు, ఏం అడిగారు అని రాత్రింబవళ్లు చిన్న చిన్న నమోదులు రాస్తూనే ఉంటుంది.

ఇలా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే? సగం రాసిన గడి అలాగే మిగిలిపోతుంది. కొన్నిసార్లు ఫైళ్ల పట్టికే చెడిపోయి సర్వరు లేవదు. కరెంటు కోతలు మామూలైన మన ఊళ్లలో ఇది ఊహించని ప్రమాదం కాదు. అయినా మామూలు బోర్డుల మీద ఆపే మీట ఐదవ తరం వరకు లేదు. కరెంటు లేకపోయినా సమయం గుర్తుంచుకునే గడియారమూ అంతే. ఐదవ తరంలో కూడా ఆ గడియారానికి బ్యాటరీ విడిగా కొనాలి. నాలుగవ తరం బోర్డు వచ్చినప్పుడు యు.ఎస్.బి. డిస్కు నుంచి మొదలయ్యే వీలు లేదు. 2020లో ఇచ్చిన సవరణతో అది సాధ్యమైంది. కోర్లు, మెమరీ పెరిగినంత త్వరగా ఈ అవసరాలు తీరలేదు.

తాళం మాటేమిటి?

తొలి పదేళ్లూ ప్రతి కార్డులోనూ వాడకందారు పేరు, పాస్‌వర్డు ఒకటే. ప్రపంచంలో అందరికీ తెలిసినవే. ఊరందరి ఇళ్లకూ ఒకే తాళంచెవి ఇచ్చినట్టు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ఇలాంటి మార్చని పాస్‌వర్డులున్న కెమెరాలను, రూటర్లను లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరులో వాటి సైన్యంతో జరిగిన దాడికి ఎన్నో ప్రముఖ వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. తరువాతి నెలలోనే రాస్ప్‌బెర్రీ పై తయారీదారులు దూరం నుంచి ప్రవేశించే ద్వారాన్ని ముందుగా మూసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఉమ్మడి పేరు, పాస్‌వర్డులను మాత్రం 2022లో గానీ తొలగించలేదు. నేర్చుకునేవారికి సులువు కావాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు, కానీ ఆ సులువుకు ఇంత గడువు ఇవ్వవలసింది కాదు.

పాత కార్డుతో ఇప్పటికీ సర్వరు నడుపుతున్నవారు పాస్‌వర్డు మార్చారో లేదో ఈ రోజే చూసుకోవాలి. ఇంట్లో వాడుకునే సర్వరును ఇంటర్నెట్‌కు నేరుగా తెరవనవసరం లేదు. బయటి నుంచి చేరవలసి వస్తే వి.పి.ఎన్. అనే రహస్య మార్గం గుండా రావడం క్షేమం.

ఏది ముందు మార్చాలి?

చేతిలో నాలుగు డబ్బులుంటే కొత్త బోర్డు కొనాలనిపిస్తుంది. మన పరిశీలన దీనికి వ్యతిరేకమైన వరుసను సూచిస్తోంది.

మొదటిది నకలు. సర్వరులో ఉన్నదానికి మరొక డిస్కు మీద ప్రతి ఉండాలి. వీలైతే ఇంకొకటి వేరే ఇంట్లో ఉండాలి. రెండు డిస్కులను జతచేసి ఒకదాని ప్రతిబింబంగా మరొకటి నడిపే రెయిడ్ పద్ధతిని చాలామంది నకలు అనుకుంటారు. అది డిస్కు పాడైనప్పుడు ఆదుకుంటుంది. కానీ పొరపాటున ఒక ఫైలు చెరిపితే రెండింటిలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. అద్దంలో బొమ్మ మనం కదిలినట్టే కదులుతుంది గదా!

రెండవది, సమాచారాన్ని కార్డు నుంచి ఎస్.ఎస్.డి.కి మార్చడం. మూడవది కరెంటు: తగిన ఎడాప్టరు, చిన్న యు.పి.ఎస్. ఐదవ తరం బోర్డుకు 5 ఆంపియర్ల ఎడాప్టరు కావాలి. 3 ఆంపియర్లది పెడితే యు.ఎస్.బి. పరికరాలన్నిటికీ కలిపి 0.6 ఆంపియరే అందుతుంది. డిస్కు తడబడడానికి అదే కారణం కావచ్చు. నాలుగవది, వై-ఫై బదులు తీగ. ప్రాసెసరు వంతు వీటన్నిటి తరువాతే. వీడియోలను మరో రూపంలోకి మార్చడం, వేలాది ఫొటోల్లో ముఖాలు గుర్తించడం వంటి పనులకే దాని అవసరం నిజంగా తెలుస్తుంది.

అసలు కొత్త బోర్డు కొనవలసిన పని లేకపోవచ్చు కూడా. ఇంట్లో మూలనపడ్డ పాత లాప్‌టాప్ ఉంటే దానికి తెర, కీబోర్డు, గడియారం, డిస్కు అన్నీ ఉన్నాయి. బ్యాటరీ బాగుంటే అదే యు.పి.ఎస్. అవుతుంది. ఉబ్బిన బ్యాటరీని మాత్రం వెంటనే తీయించాలి, అది అగ్నిప్రమాదానికి దారితీస్తుంది. తెర ఆపిన లాప్‌టాప్ 12 వాట్లు తీసుకుంటే ఏడాదికి 105 యూనిట్లు, సుమారు రూ.630. రాస్ప్‌బెర్రీ పై కన్నా రూ.367 ఎక్కువ. బోర్డు, ఎడాప్టరు, డిస్కు కలిపి రూ.7,000 పెట్టి కొన్నారనుకుంటే, కరెంటు పొదుపుతో ఆ డబ్బు రాబట్టడానికి పందొమ్మిదేళ్లు పడుతుంది!

కాబట్టి మన తీర్పు ఇది. నేర్చుకునే పరికరంగా రాస్ప్‌బెర్రీ పై అసమానమైనది. సర్వరుగా అది సగం సరుకు మాత్రమే. మిగతా సగం, అంటే డిస్కు, కరెంటు భద్రత, నకలు, కొన్నవాడే సమకూర్చుకోవాలి. ఆ సగం పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సర్వరును పద్ధతిగా ఆపి, దాని డిస్కును తీసి పక్కన పెట్టండి. అది ఇక లేదనుకుని, నకలుతోనే మరో డిస్కు మీద అంతా తిరిగి నిలబెట్టండి. ఒక ఆదివారం పూట ఇది చేయగలిగితే మీ సర్వరు నమ్మదగినది. చేయలేకపోతే కొత్త బోర్డు కోసం దాచిన డబ్బుతో ముందు మరో డిస్కు కొనండి.