ఒక్క హాలు, ఆరుగురు, అరగంట

అమెరికన్ సీరియల్ 'ఫ్రెండ్స్' మూడో సీజన్‌లో రెండో ఎపిసోడ్, 1996 సెప్టెంబరులో వచ్చింది. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. ఆరుగురు స్నేహితులూ, వాళ్ళలో ఒకడైన రాస్ వాళ్ళ మ్యూజియం విందుకి అరగంటలో బయల్దేరాలి. ఒక్కరూ తయారవలేదు. పెళ్ళికి వెళ్ళేటప్పుడు మన ఇళ్ళలో జరిగేదే కదా!

దాదాపు అంతా స్నేహితురాలు మోనికా ఇంటి హాల్లోనే నడుస్తుంది. ఒకే సెట్టుతో సరిపెడితే ఖర్చు తగ్గుతుంది. అది నిర్మాతల లెక్క. రచయితకి మాత్రం పరీక్ష. పరిషత్తు నాటికలు రాసేవాళ్ళకి ఈ కష్టం బాగా తెలుసు.

పనితనం కుర్చీ తగాదాలో ఉంది. చాండ్లర్ లేచి వెళ్ళాడు, జోయి కూర్చున్నాడు. అంతే. పట్టుదల పెరిగి చాండ్లర్ అతని లోదుస్తులన్నీ దాచేశాడు. కాసేపటికి తలుపు తీసుకుని జోయి వచ్చాడు: లోదుస్తులు మాత్రం లేకుండా, చాండ్లర్ బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, పత్తిబస్తాలా! మాట అక్కర్లేకుండానే నవ్వొస్తుంది. మెట్టు మెట్టుగా ఎక్కించారు కాబట్టే అంత నవ్వు. మొదటే ఆ వేషంలో వస్తే వెగటుగా ఉండేది.

ఆ లోదుస్తుల గొడవ అక్కడితో సరి అనుకుంటాం. చివర్లో, తనూ లోదుస్తులు వేసుకోలేదని స్నేహితురాలు రేచల్ చల్లగా చెబుతుంది. ఎప్పుడో నాటిన విత్తనం అప్పుడు మొలిచింది.

మధ్యలో వచ్చే మోనికా ఫోన్ మెసేజీల గోల మాత్రం నాకు కాస్త సాగదీసినట్టే అనిపిస్తుంది.

రెండోసారి చూసేటప్పుడు మాట్లాడేవాళ్ళని వదిలేసి, వెనకాల నిలబడ్డవాళ్ళ ముఖాలు చూడండి.