‘మురికివాడ’ నిర్వచనంలో కానరాని జీవనోపాధి

‘మురికివాడ’ అనే మాట మనుషుల కంటే ముందు మురికిని చూపుతుంది. హైదరాబాదు వాడుకలోని ‘బస్తీ’ అలా కాదు. జనం స్థిరపడిన చోటన్నదే దాని అర్థం. ఈ భేదం మాటలతో ఆగలేదు. ప్రభుత్వాలు ప్రకటించని వాడలను గుర్తించేందుకు 2011 జనగణన అనుసరించిన నిర్వచనంలో కనీసం 300 జనాభా లేదా సుమారు 60–70 కుటుంబాలు, ఇరుకైన నాసిరకం ఇళ్లు, అపరిశుభ్రత, తాగునీటి కొరత ఉన్నాయి. నివాసుల జీవనోపాధి ఊసు లేదు. నీరు, మురుగు కాలువ సమకూర్చవలసినది పురపాలక సంస్థ. వాటి లేమి మాత్రం వాడకు లక్షణమైంది! ఆ జనగణన ప్రకారమే మహా విశాఖపట్నంలో 44 శాతం, విజయవాడలో 40 శాతానికి పైగా కుటుంబాలు మురికివాడలలో ఉన్నాయి. ఇంతమందిని మినహాయింపుగా పరిగణించే ప్రణాళికను నగర ప్రణాళిక అనడం కష్టం.

ఈ లోపం గృహనిర్మాణంలో స్పష్టపడుతుంది. తెలంగాణలో రెండు పడక గదుల ఇళ్ల పథకానికి నమూనాగా నిలిచిన సికింద్రాబాదు ఐ.డి.హెచ్. కాలనీలో 396 ఇళ్లను పాత వాడ ఉన్నచోటనే కట్టారు. తరువాతి కొల్లూరు సముదాయంలో 15,660 ఇళ్లు ఉన్నాయి. అయితే అవి నగరపు పశ్చిమ అంచున, ఔటర్ రింగు రోడ్డు దాపున ఉన్నాయి. నగరం నడుమ ఇళ్లలో పాచిపని చేసే స్త్రీకి, తోపుడుబండి వ్యాపారికి ఆ దూరం పనినే దూరం చేయగలదు. నిర్వచనంలో పనికి చోటు లేనందున ఈ నష్టం ఏ లెక్కకూ ఎక్కదు. తాళం చెవి అందుకున్న కుటుంబం సమస్య తీరిన కుటుంబంగానే నమోదవుతుంది.