ఆడుట వేరు, ఆటను నిర్మించుట వేరు

రాయలసీమ పల్లెలలో బండలమీద గీతలు గీసి ఆడు పులి–మేక ఆటలో పులులు 3, మేకలు 15. పక్షముల బలము సమానము కాకున్నను ఆటలో బిగి ఉండును. ఏలనన ఆటకు ప్రాణము బొమ్మ కాదు, నియమము. కంప్యూటరు ఆటలకును ఇదియే కొలబద్ద.

పుణేలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ అను చిన్న సంస్థ నిర్మించిన ‘రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్’ 2020లో వెలువడినది. రాక్షసులు ఎత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు సాగు బాలిక కథ ఇది. కథాఘట్టములను నీడబొమ్మల రీతిలో చూపినారు. తోలుబొమ్మలాట ఎరిగిన సీమవారికి ఇది పరాయిదిగా తోచదు. కోటలు, కొలనులు, కుడ్యచిత్రములు కన్నులపండువుగా ఉన్నవి.

అయితే నియమముల యందు ఇంత సంపద లేదు. పోరు త్వరలోనే ఒకే తీరున సాగుచున్నట్లుండును. చూపుకోణమును ఆటగాడు త్రిప్పజాలడు గనుక దూకునపుడు దూరము అంచనాకు అందదు. కొలది గంటలలోనే కథ తెగినట్లు ఆగిపోవును. కాని దీనినంతను ప్రతిభాలోపమనుట న్యాయము కాదు. 2017లో ప్రజలనుండి విరాళములు కోరిన ప్రయత్నము విఫలమైన పిమ్మట పూర్తియైన ఆట ఇది.

పని ఎంత సూక్ష్మమో చూడుడు. తెరపై సెకనుకు 60 చిత్రములు మారవలెనన్న, ఒక్కొక్క దానికి దక్కు కాలము సుమారు 16.7 మిల్లీసెకనులే. ఆ లోపల మీట నొక్కుడును గ్రహించి, చలనమును లెక్కించి, వస్తువులు తాకినవో లేదో పరీక్షించి, వెలుగునీడలతో చిత్రమును గీయవలెను. గురుత్వత్వరణము 10 అనుకొన్నచో, 1.25 మీటర్ల ఎత్తు ఎగురుటకు 0.5 సెకను, అనగా 30 చిత్రములు పట్టును. ఇది పాఠశాలలో చెప్పు చలన సమీకరణమే. ఎగురుట చేతికి హాయిగా ఉండుటకై క్రిందికి పడునపుడు గురుత్వమును పెంచుటయు కలదు. అచ్చట భౌతికశాస్త్రము ముగిసి, కళ మొదలగును.

నేడు గోడో వంటి పరికరము ఉచితముగా లభించుచున్నది. అందుచేతనే పోటీయు పెరిగినది. స్టీమ్ అను అంగడిలో ఒక్క 2024లోనే 18 వేలకు పైగా క్రొత్త ఆటలు చేరినవి. 2023లో ప్రపంచమంతట ఈ రంగమున వేలమంది ఉద్యోగములు కోల్పోయినారు. అదే ఏట యూనిటీ సంస్థ, ఆట స్థాపింపబడిన ప్రతిసారి రుసుము తీసుకొందుమని ప్రకటించి, నిరసనలు రాగా 2024లో విరమించుకొన్నది. పరుల పరికరముపై ఆధారపడిన చిన్న నిర్మాతకు ఇది హెచ్చరిక.

కడప జిల్లా ఇడుపులపాయలో 2008నుండి, కర్నూలులో 2015నుండి ట్రిపుల్ ఐటీలు ఉన్నవి. కంప్యూటరు విద్య సీమకు దూరముగా లేదు. అయినను అప్పుచేసి ఖరీదైన యంత్రమును కొనుట మొదటి మెట్టు కాదు. విద్యార్థి ముందు కాగితముపై పులి–మేక గీసి, మేకలను 15నుండి 14కు తగ్గించి ఆడి చూడవలెను. గెలుపు ఎటు మొగ్గునో పదిమార్లు గుర్తించి, కారణము వ్రాయవలెను. ఆ కారణమును చెప్పగలిగిననాడు అతడు ఆటగాడు మాత్రమే కాడు, నిర్మాత కూడ.